గుట్ట మీది టాంకీ, బావి కాడి గంట

మా నేత సంఘంలో మెకానిక్ పోస్టు ఒకటి పెడతారని తెలిసిన రోజే అది నాదని అనుకున్నాను. సంఘం మోటారుకు మూడుసార్లు వైండింగు కట్టింది నేను. అద్దకం షెడ్డులో ఫ్యూజు పోయినా, పంపు వాషరు అరిగినా పిలిచింది నన్నే. పదకొండేళ్లు, రోజు కూలీ మీద. నోటీసులో మాత్రం పదో తరగతి పాసై ఉండాలని రాశారు. నేను ఏడులో బడి మానినవాణ్ని. ఆ నోటీసు రాసిన గుమాస్తాకు స్క్రూడ్రైవరు ఏ కొస పట్టుకోవాలో తెలియదు.

అది ఎనభై మూడు ఎండాకాలం. మా జంపఖానాల సంఘానికి వరంగల్లు కొత్తవాడ చివర అద్దకం షెడ్డు ఉంది. షెడ్డు వెనక చిన్న గుట్ట, గుట్ట మీద నీళ్ల టాంకీ. నీళ్లు వచ్చే బావి అక్కడికి కిలోమీటరు దూరం. బావి కాడ మోటారు నడిపేవాడు ఎల్లస్వామి. టాంకీ కాడ కూర్చుని నీళ్లు చూసేది పోశవ్వ. టాంకీ నిండగానే ఆమె లేచి ఎర్రగుడ్డ ఊపేది, అటు ఎల్లస్వామి చూసి మోటారు ఆపేవాడు. ఏళ్ల తరబడి అట్లా నడిచింది. ఆ ఏడు నడుమ ఒక మిర్చి వ్యాపారి మూడంతస్తుల గోదాము లేపాడు. గుడ్డ కనపడకుండా పోయింది. మోకాళ్ల నొప్పులతో పోశవ్వ గుట్ట దిగి గోదాము పక్కకు వచ్చి ఊపేలోపు టాంకీ పొర్లేది. పొర్లిన నీళ్లు గుట్ట మీంచి సక్కగా ఆరబెట్టే చోటికే దిగుతాయి. రంగు ఇంకా పచ్చిగా ఉన్న చిలపల మీద, అంటే నూలు కట్టల మీద, ఒకసారి పడ్డాయి, మచ్చలు తేలాయి, ఒక ఆర్డరు మొత్తం వెనక్కి వచ్చింది.

అప్పుడు సంఘం అధ్యక్షుడు లక్ష్మీనర్సయ్య మీటింగు పెట్టాడు. నాకు వరసకు మామ అవుతాడు. టాంకీ నిండిన సంగతి బావికి చెప్పే సాధనం ఎవరు చేసి చూపిస్తే వాళ్లది పెడతామన్నాడు. నా లెక్క నాకు ఉంది. సాధనం నాదైతే దాన్ని చూసుకునే మనిషినీ నేనే అవుతాను. అప్పుడు పదో తరగతి కాగితం ఎవరు అడుగుతారో చూద్దాం.

నాకు పోటీగా వచ్చినవాడు హన్మకొండలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే కిషన్ రావు సారు. ముప్పై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడతాడు. వైర్‌లెస్ డబ్బాలు రెండు తెచ్చాడు. ఒకటి టాంకీ కాడ, ఒకటి బావి కాడ. టాంకీ నిండితే ఇటు డబ్బా గాలిలో ఒక్క కూత పెడుతుంది, అటు డబ్బా అందుకుని కూస్తుంది, ఎర్రబల్బు వెలుగుతుంది. స్తంభాలు వద్దు, తీగలు వద్దు. ఆయన గోడ మీది నల్లబల్ల మీద రెండు గళ్లు గీసి, ఒక దాంట్లో తీగ, ఒక దాంట్లో వైర్‌లెస్ అని రాసి, దూరం, ఖర్చు, బ్యాటరీ ఎంత కాలం వస్తుందన్నవి వరసగా రాసుకుంటూ పోయాడు. అందరూ బల్లవంక నోరు తెరిచి చూస్తున్నారు.

"సార్, ఒక గడి మర్సిండ్రు," అన్నాను.

"ఏమిటండీ?"

"మీ డబ్బా సచ్చిపోతే ఏమంటది?"

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఏమీ అనదు," అన్నాడు.

"టాంకీ నిండకపోతే ఏమంటది?"

"అప్పుడూ ఏమీ అనదు."

"మరి సచ్చిందో, నిండలేదో ఎల్లస్వామికి ఎట్ల ఎరుక?"

లక్ష్మీనర్సయ్య మామ కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నీదేం జేస్తదో చెప్పు అల్లుడా. సారును సతాయించుడు తర్వాత."

నాది నేను కాజీపేటలో నేర్చుకున్నది. బడి మానిన కొత్తలో అక్కడ రైల్వే సిగ్నల్ గ్యాంగులో రెండేళ్లు కూలీ చేశాను. సిగ్నలు చెయ్యిని తీగ లాగి పట్టి ఉంచితేనే బండికి దారి. తీగ తెగితే చెయ్యి దానంతట అదే అడ్డం పడుతుంది, బండి ఆగుతుంది. ఎక్కడ ఏది చెడినా ఆగడం వైపే చెడాలి. నా సాధనమూ అంతే. టాంకీ నిండనంత సేపు తీగలో కరెంటు పారుతూ ఉంటుంది, గంట నోరు మూసుకుని ఉంటుంది. నీళ్లు నిండితే లోపల తేలే డబ్బా లేచి కరెంటు తెంపుతుంది, బావి కాడ గంట మోగుతుంది. తీగ ఎవడు కోసినా, ఏ స్తంభం పడినా అప్పుడూ గంట మోగుతుంది. నాది మాట్లాడకుండా ఉందంటే అంతా బాగున్నట్టు.

కిషన్ రావు సారు ఇది విని నల్లబల్ల మీద ఇంకో గడి గీసి, 'చెడితే' అని రాసి, నా వైపు ఒక టిక్కు పెట్టాడు. అది నాకు నచ్చలేదు. పోటీకి వచ్చినవాడు కొంచెం పొగరుగా ఉంటేనే బాగుంటుంది.

"రెండూ పెట్టి చూద్దాం," అన్నాడు మామ. "అమావాస్య నాడు. మగ్గాలు బందుంటయి, అందరు ఖాళీగుంటరు, కండ్లార చూస్తరు."

మా వాళ్లు అమావాస్య నాడు నెయ్యరు. చేతిమగ్గమైనా, పవర్‌లూమైనా, ఆ రోజు పోగు కదలదు. పని లేని రోజున పరీక్ష పెట్టుకోవడం ఎవరికైనా తట్టే మాటే. నేనూ తలూపాను.

పది రోజుల్లో స్తంభాలు పాతాను. వెదురు బొంగులు, వాటి మీద పింగాణీ కప్పులు, రెండు తీగలు, ఒకటి పోను, ఒకటి రాను. నీళ్ల పైపు వెంబడే బావి దాకా లాగాను. పోశవ్వ టాంకీ నీడలో కూర్చుని చూసేది.

"తమ్మీ, నీ గంట మోగుడు మొదలైతే నా కొలువు పోయినట్టేనా?"

"నీకు మోకాళ్ల నొప్పులు తగ్గుతయక్కా."

"తగ్గుతయి. ఆకలి పెరుగుతది."

నేను తీగ ఇంకో చుట్టు బిగించాను.

అమావాస్య నాడు రెండు వందల మంది వచ్చారు. సగం మంది గుట్ట మీద, సగం మంది బావి కాడ. పదిసార్లు తేలే డబ్బాను చేత్తో లేపి చూశాం. పదిసార్లూ నా గంట మోగింది. పదిసార్లూ ఆయన డబ్బా కూసింది, పైగా పిట్ట కూసినంత ముద్దుగా. ఎల్లస్వామి ప్రతిసారీ మోటారు ఆపి నమస్కారం పెట్టాడు, నాటకంలో వేషం కట్టినట్టు. జనం ఎటు మొగ్గుతారో నాకు అప్పుడే అర్థమైంది. కిలోమీటరు పొడుగున వంకరటింకర బొంగులు ఒక పక్క, చేతి సంచిలో పట్టే డబ్బా ఒక పక్క. సోమవారం తీర్మానం రాస్తామని మామ చెప్పాడు. ఎటు రాస్తాడో చెప్పలేదు, కానీ సారు భుజం మీద చెయ్యి వేసి నడిచాడు.

మర్నాడు పొద్దున చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతున్నాను. రేడియోలో వార్తలు వస్తున్నాయి. ఎదురుగా ఉన్న షెడ్డులో పవర్‌లూములు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. ఒక మగ్గం స్విచ్చు వేయగానే రేడియో చిటపటమంది. ఇంకోటి వేశారు, మళ్లీ చిటపట. పోగు తెగితే ఆపుతారు, ముడివేసి వేస్తారు, ఒక్కో మగ్గానికి గంటలో పదిసార్లు. కొత్తవాడ నిండా ఎన్ని మగ్గాలు. ఆ చప్పుడంతా గాలిలోనే ఉంది, సారు డబ్బా వినేదీ గాలినే. మేం మాత్రం ఏరికోరి గాలి శుభ్రంగా ఉన్న రోజున పరీక్ష పెట్టాం.

చాయ్ సగంలో వదిలి మామ ఇంటికి పోయాను.

"ఓడినంక సాకులు చెప్పకు అల్లుడా," అన్నాడు.

"సాకు కాదు మామా. పెండ్లి సంబంధం జూసినప్పుడు పిల్ల నిద్రపోయేటప్పుడు జూసి నెమ్మది గుణమని రాసుకుంటమా?"

అరుగు మీద ఉన్న మామ కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. మామ మాత్రం ఒప్పుకోలేదు. నేను సైకిలెక్కి హన్మకొండ పోయి సారునే అడిగాను. ఆయన చేతిలో సుద్దముక్క పక్కన పెట్టి, "మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. శుక్రవారం వస్తాను," అన్నాడు. చదువుకున్నవాళ్లలో అట్లాంటివాడు నాకు అరుదుగా తగిలాడు. ఆయన అడిగేసరికి మామ కాదనలేకపోయాడు.

శుక్రవారం మగ్గాలన్నీ నడుస్తున్నాయి, షెడ్డులో అద్దకం కూడా నడుస్తోంది. పొద్దున ఏడింటికి మోటారు వేశారు. ఏడున్నరకు టాంకీలో నీళ్లు పడటం ఆగిపోయింది. టాంకీ సగం కూడా కాలేదు. గుమాస్తా సైకిల్ మీద బావికి పోయి కనుక్కుంటే, డబ్బా కూసిందట, ఎల్లస్వామి ఆపాడట. మళ్లీ వేయించాం. ఎనిమిదింటికి మళ్లీ ఆగింది. పదకొండు లోపు ఏడుసార్లు. గుమాస్తా ఏడుసార్లు బావికి పోయి వచ్చాడు, ఆఖరిసారి సైకిల్ దిగి గుట్ట ఎక్కలేక కింది నుంచే చెయ్యి ఊపాడు. షెడ్డులో తొట్లకు నీళ్లు అందక ఒక తొట్టిలోని నీలం నూలు చారలు తేలింది. సారు తన డబ్బా మూత విప్పి చూసి, మళ్లీ బిగించి, మీట ఆఫ్ చేశాడు.

"మీరు చెప్పిందే," అన్నాడు. "దీన్ని మగ్గం చప్పుడు వినకుండా చేయాలంటే ఇంకా చాలా పని ఉంది."

అప్పటితో నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ పదకొండేళ్ల రోజు కూలీ ఊరుకోనిస్తుందా? జనం ముందు ఇంకొంచెం చూపించాలనిపించింది. ఒంటిగంట వేళకు టాంకీ నిండవచ్చింది. కటింగ్ ప్లేయరు జేబులోంచి తీశాను.

"మామా, ఇప్పుడు దొంగలు పడి నా తీగ కోసిండ్రనుకో. జూడు, నీళ్లు ఆగకపోతే నా పేరు మార్చు."

"తమ్మీ," అంది పోశవ్వ, టాంకీ అంచు మీంచి వంగి చూస్తూ. "నాలుగు వేళ్లు తక్కువున్నయి. ఆట వద్దు."

"ఆట కాదక్కా. కొత్త ముడేసుడు నాకు నిమిషం పని."

తీగ కోశాను. బావి కాడ గంట మోగుతుందని నాకు తెలుసు, పొద్దున నేనే చూసి వచ్చాను. పైపు మూతి వైపు చెయ్యి చూపించి నిలబడ్డాను. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"పైపులో ఉన్న నీళ్లు మామా, అవి రావాలె గదా."

పైపులో ఉన్న నీళ్లు వచ్చినంత సేపు వచ్చాయి. ఆ తర్వాత కూడా వచ్చాయి. పోశవ్వ కొంగు బొడ్లో దోపి, గుట్ట కింద ఆడవాళ్లను కేకేసింది. "చిలపలు తియ్యుండ్రే, చిలపలు తియ్యుండ్రి." టాంకీ అంచు దాటి నీళ్లు బండ మీద జారడం మొదలైంది. నేను సైకిల్ ఎక్కిందీ, గోదాము సందులో పడి లేచిందీ నాకు గుర్తు లేదు. బావి కాడికి పోయేసరికి గంట చెవులు పగిలేలా మోగుతోంది. మోటారు నడుస్తోంది. ఎల్లస్వామి గంట పక్కనే కూర్చుని బీడీ తాగుతున్నాడు.

నేను మీట లాగి మోటారు ఆపాను. "చెవుడా నీకు?"

"మోగుతాంది అన్నా, ఇనుకుంటనే ఉన్న," అన్నాడు. "పొద్దుగాల్నుంచి ఏడుసార్లు కూసింది, ఏడుసార్లు బంద్ జేసిన, ఏడుసార్లు గుమాస్తచ్చి నన్నే తిట్టిండు. టాంకీ సగం గూడ కాలేదు, ఎందుకు బంద్ జేసినవ్ రా అని. ఎనిమిదోసారి ఎవడు బంద్ జేస్తడు?"

"అది డబ్బా. ఇది గంట."

"నాకు రెండూ చప్పుడే గదన్నా."

అతన్ని కొట్టాలనిపించింది. కానీ అతను చెప్పిన దాంట్లో తప్పు వెతికితే దొరకలేదు.

గుట్టకు తిరిగి వచ్చేసరికి ఎర్ర చిలపలు నలభై దాకా తడిసి ఉన్నాయి. ఆడవాళ్లు పరుగెత్తబట్టి మిగతావి దక్కాయి. మామ నన్ను తిట్టలేదు, అంతకంటే చెడ్డ పని చేశాడు. నెమ్మదిగా మాట్లాడాడు.

"డబ్బా వద్దు, గంట వద్దు. గోదాము సేటును బతిమిలాడి మీద మనిషిని కూసోబెడత. పోశవ్వ గుడ్డ ఊపితే వాడు ఊపుతడు, వాన్ని జూసి ఎల్లస్వామి ఆపుతడు. మెకానిక్ పోస్టు గిస్టు ఏం లేదు. నీ బొంగులు పీక్కపో అల్లుడా."

జనం వెళ్లిపోయాక నేను, సారు, పోశవ్వ మిగిలాం. ఆయన డబ్బాలు సంచిలో సర్దుకుంటున్నాడు.

"నేను గుడ్డ ఊపినన్ని రోజులు ఒక్కనాడు పొర్లలేదు," అంది పోశవ్వ. "ఎందుకో ఎరుకేనా తమ్మీ?"

"గోదాము లేకుండె గనుక."

"గోదాము పక్కకు వెట్టు. ఎల్లస్వామి చెయ్యి లేపిందాంక నేను ఊపుడు ఆపకపోదును. వాడు చెయ్యి లేపితె సూసిండన్నట్టు. లేపకపోతె పండుకున్నట్టు. అప్పుడు కేకేద్దును, లేకపోతె పోదును. నీ గంట ఊకె మోగుతది. వాడు ఇన్నడో లేదో దానికేం పట్టింది?"

సారు సంచి తాడు కడుతూ ఆగిపోయాడు. ఆయన గళ్లలోనూ ఈ గడి లేదు. కాజీపేటలో స్టేషను మాస్టర్లు ఫోనులో ఒకరు చెప్పిన నంబరును ఇంకొకరు తిరిగి చెప్పి, రాసుకుంటేనే బండి కదలడానికి లైను క్లియరు ఇచ్చేవాళ్లు. రెండేళ్లు ఆ కిటికీ పక్క నుంచి పోతూ విన్నాను. విని, వాళ్లకు పనిలేదనుకున్నాను.

పీక్కపొమ్మన్న బొంగులు పీకలేదు. బావి నుంచి టాంకీకి ఇంకో మాట రావాలంటే ఇంకో తీగ కావాలి, తీగ కొనే మాట మామ దగ్గర ఎత్తలేను. ఆ సాయంత్రం తీగల వెంబడి నడిచి వస్తుంటే, కాళ్ల పక్కనే ఇనుప పైపు కూడా నడిచి వస్తోంది. బావిలో మొదలై టాంకీలో ఆగేది. దానికంటే లావు తీగ వరంగల్లులో ఎక్కడ దొరుకుతుంది? కరెంటు తిరిగి వచ్చే దారి పైపుకు ఇచ్చేశాను. ఖాళీ అయిన తీగ మీద జవాబు వేశాను. రెండు రోజుల పని. సారు తనంతట తాను వచ్చి, పైపు అతుకుల కాడ తుప్పు గీకి తీగ ముక్కలు కట్టాడు. తెల్లచొక్కా పాడైంది.

టాంకీ కాడ ఒక బల్బు పెట్టాను. మోటారు ఆగితేనే అది వెలుగుతుంది. నడుస్తుంటే వెలగదు, తీగ తెగినా వెలగదు. వెలగలేదంటే ఆగలేదనే లెక్క. దాని పక్కన పోశవ్వకు ఒక బటన్ పెట్టాను. టాంకీ నిండితే బావి కాడ గంట ఏకధారగా మోగుతుంది. ఆమె బటన్ నొక్కి వదిలితే గంట ఆగి ఆగి మోగుతుంది.

మంగళవారం మామ చూడటానికి వచ్చాడు, మగ్గాలు నడుస్తుండగా. రానని రెండుసార్లు చెప్పి, మూడోసారి దారిలో పనుందని చెప్పి వచ్చాడు. పరీక్ష సంగతి ఎల్లస్వామికి చెప్పలేదు. పదకొండున్నరకు టాంకీ నిండింది, తేలే డబ్బా లేచింది. బల్బు వెలగలేదు. పోశవ్వ లోపల లోపల ఇరవై లెక్కపెట్టింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"ఏమాయె?" అన్నాడు మామ.

"వాడు తింటాండు," అంది పోశవ్వ. బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కింది, వదిలింది, నొక్కింది, వదిలింది. కోపంగా ఉన్న మనిషి తలుపు కొట్టినట్టు. ఐదోసారికి బల్బు వెలిగింది. కాసేపటికి పైపు మూతి సన్నబడి, చుక్కలు రాలి, ఆగింది. నీళ్లు అంచుకు రెండు వేళ్ల కింద నిలబడ్డాయి.

మామ బల్బును చూశాడు. వేలితో ముట్టుకున్నాడు, వేడిగా ఉందో లేదో చూడటానికి. తర్వాత గుమాస్తాను పంపి ఎల్లస్వామిని పిలిపించాడు. అతను మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"గంట ముందు మోగలేదారా?"

"మోగింది పెదబాపూ. ఊకె మోగుతాందని అన్నం తింటాన. మల్ల ఆగి ఆగి మోగింది. అది మిషిను కాదు, పోశక్క. తింటున్న చెయ్యితోనే ఉరికి బంద్ జేసిన."

"అయితే పోశవ్వ ఉండాలె," అన్నాడు మామ.

"ఉండాలె," అన్నాను. "బల్బుకు కండ్లుండవు గదా చూసుకోను."

కమిటీ అదే వారం కూర్చుంది. సారు తన నల్లబల్ల గళ్లను కాగితం మీద ఎక్కించి తెచ్చాడు. గుడ్డ, వైర్‌లెస్, తీగ గంట, జవాబున్న తీగ అని నాలుగు వరసలు. మూడోది, నాలుగోది నా పేరు మీద రాశాడు. నాలుగో దాంట్లో పోశవ్వ పేరు కూడా రాయమని నేనే చెప్పాను. చెప్పినందుకు నాకేమీ గొప్పగా అనిపించలేదు, నిజం అది గనుక.

ఆ తర్వాత పోస్టు సంగతి వచ్చింది. గుమాస్తా నోటీసు తీసి పదో తరగతి లైను మీద వేలు పెట్టాడు.

"రూలున్నది అల్లుడా," అన్నాడు మామ. ఈసారి నా కళ్లలోకి చూడలేదు.

"రూలు మీరు రాసిందే మామా."

"రాసింది మార్చాలంటే జనరల్ బాడీ కావాలె. అది సంక్రాంతి దాంక లేదు."

"సరే. పైపు మీద కట్టిన తీగ ముక్కలు ఇరవై మూడున్నయి. ఏది వదులైనా గంట మోగుతది. ఎక్కడ వదులైందో దొరకబట్టెటోన్ని పదో తరగతి పాసైనోన్ని వెతుక్కోండ్రి. దొరికిందాంక నేను పొద్దున చాయ్ తాగి ఇంట్ల కూసుంట."

బెదిరింపు కాదు. ఉన్న సంగతి చెప్పాను. కమిటీలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ కళ్లద్దాలు తీసి గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. గుమాస్తా చాలాసేపు రాసి చదివాడు: మెకానిక్ పోస్టు అర్హత గల అభ్యర్థి దొరికే వరకు ఖాళీగా ఉంచడమైనది. సహాయ మెకానిక్‌గా మార్కండేయులును నెల జీతం మీద నియమించడమైనది. ఈ పోస్టుకు విద్యార్హత అవసరం లేదు.

"సహాయ మెకానిక్ ఎవరికి సాయం జేస్తడు మామా?" అన్నాను.

"సంతకం పెట్టు అల్లుడా. కమిటీకి ఆకలైతాంది."

సంతకం పెట్టాను. కలం గట్టిగా ఒత్తి, కింది కాగితం మీద కూడా పడేలా. అది ఒకటో తారీఖున అమల్లోకి వచ్చింది. నా పై పోస్టు నాలుగేళ్లయినా ఖాళీగానే ఉంది, ఇద్దరు అభ్యర్థులు వచ్చారు, ఇద్దరికీ పది పాసైన కాగితం ఉంది. వాళ్లను పరీక్ష చేయమని కమిటీ నాకే చెప్పింది. ఒక్కొక్కరికీ ప్లేయరు ఇచ్చి, పైపు చూపించి, గంట ఎందుకు మోగుతోందో కనుక్కుని రమ్మన్నాను. మొదటివాడు మధ్యాహ్నం దాకా తిరిగి బస్సెక్కాడు. రెండోవాడు ఇంకా చిన్నవాడు, రెండు మైళ్లు అటూ ఇటూ నడిచి, చెమటతో వచ్చి, "దొరకలేదు, చూపిస్తరా అన్నా?" అని అడిగాడు. చూపించాను. పదిహేడో అతుకు. వాణ్ని తీసుకోమని కమిటీకి రాశాను, నాకు సహాయంగా.